కరిచే కుక్క ఎప్పుడు తయారవుతుంది?

కార్తీకమాసం కుక్కలు జతకట్టే కాలమని మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. అందుకే సంక్రాంతికి అటూ ఇటూగా హన్మకొండ, కాజీపేట గల్లీల్లో, కట్టుబడి ఆగిపోయిన ఇళ్ల పునాదుల్లో, ఇసుక కుప్పల పక్కన కూనలు కళ్లు తెరుస్తుంటాయి. మాఘమాసం వచ్చేసరికి వాటిలో ఒకదాన్ని పిల్లలు ఎత్తుకొచ్చి ఇంట్లో దాచిపెడతారు. పెద్దవాళ్లు ముందు తిడతారు, తర్వాత వాళ్లే పాలు పోస్తారు. కుక్కపిల్ల ఇంటికొచ్చే ఇంకో దారి హైదరాబాద్ నుంచి అట్టపెట్టెలో తెప్పించుకునే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్. ఒకటి ఊరికే వచ్చింది, ఇంకోటి వేలు పోసి కొన్నది. పెంచే తీరు మాత్రం చాలా ఇళ్లలో ఒక్కటే. 40 రోజులు నిండకముందే తల్లి నుంచి వేరు చేస్తారు, రెండు మూడు నెలలు గేటు దాటనివ్వరు, కాస్త బలం రాగానే గొలుసు వేస్తారు.

ఏడాదిన్నర తర్వాత ఒకరోజు అది గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషి పిక్క పట్టుకుంటుంది. "చిన్నప్పుడు మంచిగనే ఉండె సార్, ఇప్పుడే ఏమైందో" అని ఇంటాయన పశువుల డాక్టర్ ముందు తల పట్టుకుంటాడు. ఆయన చెప్పేది నిజమే. చిన్నప్పుడు అది నిజంగానే మంచిగ ఉంది. కుక్క మీదపడటం చాలావరకు బయటపడేది ఏడాది నుంచి మూడేళ్ల మధ్య, అది మానసికంగా పెద్దదయ్యే వయసులో. దానికి పునాది పడేది మాత్రం నాలుగో నెలలో అడుగు పెట్టేలోపే. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉండటం వల్లే చాలామందికి ఆ రెండూ కలిపి కనిపించవు.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో, అదే ఏడాది మే నెలలో మన కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధికుక్కల దాడిలో చిన్నపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఇక్కడ కుక్క అంటేనే తల్లిదండ్రులకు టెన్షన్. గుంపులుగా తిరిగే వీధికుక్కల సమస్య వేరు. దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు, చెత్త ఎత్తడం అన్నీ కలవాలి. ఇక్కడ చెబుతున్నది ఇంటి కుక్క గురించి. అది పూర్తిగా మన చేతిలో ఉన్న పని, అందులోనూ మొదటి కొన్ని వారాల పని.

అలవాటుపడే వయసు

కుక్కపిల్ల పుట్టిన పది పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తుంది. చెవులు వినపడటం మూడో వారానికి గానీ మొదలుకాదు. అక్కడి నుంచి 12-14 వారాల వరకు దాని మెదడు ఒక ప్రత్యేకమైన స్థితిలో ఉంటుంది. ఆ రోజుల్లో కనిపించినవి, వినిపించినవి, తాకినవి అన్నీ "ఇవి లోకంలో మామూలే" అన్న ఖాతాలో పడిపోతాయి. ఆ గడువు దాటాక కొత్తగా ఎదురయ్యేది ఏదైనా ముందు అనుమానంగానే కనిపిస్తుంది. అడవిలో బతికే జంతువుకు ఇది అవసరమైన ఏర్పాటు. నాలుగు నెలల వయసులో తల్లిని వదిలి దూరం తిరగడం మొదలుపెట్టే పిల్ల కనిపించిన ప్రతిదాని దగ్గరికీ తోక ఊపుకుంటూ వెళ్తే బతకదు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ల్యాబొరేటరీలో 1950ల్లో, 60ల్లో దీన్ని పరీక్షించి చూశారు. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ ప్రచురించిన ప్రయోగం ఇది. ఎత్తయిన కంచె వేసిన మైదానంలో తల్లికుక్కల్ని పిల్లలతో సహా వదిలారు. తిండీ నీళ్లూ మనిషి కనపడకుండా అందించారు. వేర్వేరు వయసుల్లో కొన్ని పిల్లల్ని ఒక్కో వారం బయటికి తెచ్చి, మనుషులతో ఆడించి, మళ్లీ లోపల వదిలారు. ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య ఆ ఒక్క వారం దొరికిన పిల్లలు మనుషులకు బాగా మాలిమి అయ్యాయి. 14 వారాలు నిండేదాకా మనిషిని చూడని పిల్లలు అడవి జంతువుల్లాగే ఉండిపోయాయి. తర్వాత ఎంత చేసినా పూర్తిగా దారికి రాలేదు. అవన్నీ ఒకేలా పెరిగిన పిల్లలు, తేడా వచ్చింది వయసు దగ్గరే.

మన ఇంటి కుక్క మనిషినే చూడకుండా పెరగదు కదా అనిపిస్తుంది. నిజమే, అది నలుగురు మనుషుల్ని చూస్తుంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఆ నలుగురితో ప్రాణంగా ఉంటుంది. ఐదో మనిషి హెల్మెట్ పెట్టుకుని, భుజాన సంచి వేసుకుని, పెద్ద గొంతుతో "పార్సల్" అంటూ గేటు తీసినప్పుడు అది చూసేది తన లోకంలో లేని ఆకారాన్ని. ఇళ్లలో కరిచే కుక్కల్లో ఎక్కువ భాగం కోపంతో కరవవు, భయంతో కరుస్తాయి. ముందు మొరుగుతుంది. పార్సల్ ఇచ్చి మనిషి వెళ్లిపోతాడు, ఆయన పని అయిపోయింది కాబట్టి. తన మొరుగుడికే పోయాడనుకుంటుంది కుక్క. రోజూ ఇదే జరిగితే ఏడాదికల్లా ఆ భయం చూసేవాళ్లకు పౌరుషంలా కనిపించడం మొదలవుతుంది.

టీకాల దగ్గర పడే ముడి

ఈ విషయంలో అసలు చిక్కు ఇక్కడుంది. డాక్టర్లు సెవెన్ ఇన్ వన్ అనే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెడతారు. మూడు నాలుగు వారాలకోసారి 16 వారాల దాకా వేస్తారు. రేబిస్ టీకా మూడో నెల నిండాక. ఇవన్నీ అయ్యేదాకా బయటికి తీసుకుపోవద్దని చెబుతారు. ఆ మాటకు గట్టి కారణమే ఉంది. పార్వో అనే వైరస్ జబ్బు వస్తే కుక్కపిల్ల రక్తవిరేచనాలతో నాలుగు రోజుల్లోనే పోవచ్చు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. కానీ టీకాలు పూర్తయ్యే వారం, అలవాటుపడే వయసు ముగిసే వారం దాదాపు ఒకటే. టీకాల కోసం ఇంట్లోనే ఉంచితే శరీరం భద్రంగా ఉంటుంది, మనసు మాత్రం లోకానికి తలుపు వేసుకుంటుంది.

అమెరికాలో పశువైద్యుల సంఘం ఒకటి, జంతువుల ప్రవర్తన మీద పనిచేసేది, 2008లో దీని మీద తేల్చి చెప్పింది. మొదటి టీకా పడి ఒక వారం గడిచాక, శుభ్రమైన చోట్ల, కుక్కపిల్లను మనుషులకూ ఆరోగ్యంగా ఉన్న కుక్కలకూ అలవాటు చేయడం మొదలుపెట్టాలన్నది వాళ్ల మాట. వాళ్ల దేశంలో మూడేళ్లలోపు కుక్కల చావులకు మొదటి కారణం రోగాలు కాదు, ప్రవర్తన సమస్యలే అని కూడా అందులో చెప్పారు. కరిచే కుక్కను అక్కడ వదిలేస్తారు, లేదా మందు ఇచ్చి చంపేస్తారు. మన దగ్గర బండి మీద తీసుకెళ్లి హంటర్ రోడ్డు దాటాక ఎక్కడో వదిలేసి వస్తారు. ఇంటి అన్నానికి అలవాటుపడ్డ ఆ కుక్క ఏ గుంపులోనూ ఇమడలేక ఎక్కువ కాలం బతకదు.

ముడి విప్పడం కష్టమేమీ కాదు. బయటికి తీసుకెళ్లండి, కింద దింపకండి. చేతుల్లో, ఒళ్లో, సంచిలో, స్కూటర్ ముందు బుట్టలో ఉన్న కుక్కపిల్లకు పార్వో అంటే అవకాశం చాలా తక్కువ. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద ఎత్తుకుని పావుగంట కూర్చోండి. వరంగల్ చౌరస్తా రద్దీని కాస్త దూరంగా నిలబడి చూడనివ్వండి. కాజీపేట స్టేషన్ బయట రైలు కూత వినిపించండి. టీకాలన్నీ వేయించుకున్న, నెమ్మదస్తురాలైన కుక్క తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే అక్కడికి తీసుకెళ్లి నేల మీద వదలొచ్చు. వీధికుక్కలు తిరిగే మట్టిలో మాత్రం వదలొద్దు. పశువుల ఆసుపత్రి నేల మీద అసలే దింపొద్దు, జబ్బు కుక్కలన్నీ వచ్చేది అక్కడికే.

ఏమేం చూపించాలంటే, ముందు ముందు దాని జీవితంలో ఎదురయ్యేవన్నీ. గడ్డం ఉన్నాయన, బురఖా వేసుకున్నామె, కట్టెపట్టుకు నడిచే ముసలవ్వ, గొడుగు, హెల్మెట్, యూనిఫాంలో పరుగెత్తే పిల్లలు, మిక్సీ, కుక్కర్ విజిల్, బోనాల డప్పు, బారాత్ డీజే. దీపావళి పటాకుల చప్పుడు ఫోన్లో చిన్నగా పెట్టి, తిండి పెడుతూ, రోజురోజుకూ కాస్త పెంచుకుంటూ పోవచ్చు.

ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. చూపించడమే పని అనుకుంటారు. చూసినప్పుడు దానికి ఎలా అనిపించిందన్నదే అసలు పని. గొంగడి కప్పుకున్న గొర్లకాపరి ఎదురయ్యాడనుకోండి. పదివారాల పిల్ల ముందు కదలకుండా ఆగుతుంది. చెవులు వెనక్కి వాలుతాయి. ముందుకాళ్లు అక్కడే ఉంటాయి గానీ ఒళ్లు వెనక్కి ఒరుగుతుంది. నోటి దగ్గర చికెన్ ముక్క పెట్టినా తినదు. ఆ తినకపోవడమే మీకు కొలత, భయం ఆకలిని మించిపోయిందని అర్థం. "ఏం కాదు, పో" అని ముందుకు తోస్తే గొంగడి అంటే భయమనే అది నేర్చుకుంటుంది. నాలుగడుగులు వెనక్కి రండి. ముక్క తినేంత దూరం వచ్చాక ఆగండి. అక్కడ రెండు మూడు ముక్కలు పెట్టండి. కాసేపటికి ముక్కు గాల్లోకి లేపి వాసన చూస్తుంది, ఒక అడుగు తనే వేస్తుంది. ఆ అడుగు దానంతట అది వేసింది కాబట్టి విలువైనది. కాపరిని వంగి నిమరమని అడగకండి. పక్కకు తిరిగి నిలబడి ఒక ముక్క కింద వేస్తే చాలు. రోజుకు ఇలాంటివి రెండు మూడు చాలు, పదీ పన్నెండూ అయితే పిల్ల అలసిపోయి చిరాకుపడుతుంది.

నోరు, పళ్లు

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి, సూదుల్లా. వాటితో అది అన్నదమ్ముల్ని కొరుకుతుంది. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లయితే గుర్రుమని అవతలికి నెడుతుంది. ఎంత బలంగా కొరికితే ఎదుటివాడికి నొప్పి అన్న లెక్క కుక్కకు వచ్చేది ఈ ఆటలోనే. ఆ లెక్క వచ్చిన కుక్క పెద్దయ్యాక ఎప్పుడైనా నోరు పెట్టినా పళ్ల అచ్చు పడుతుందంతే, కండ ఊడి రాదు. నెల, నెలన్నరకే వేరు చేస్తే ఈ చదువు సగంలో ఆగిపోతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లోనే ఉంది. అమ్మేవాళ్లు "నలభై రోజులైంది సార్, గట్టి తిండి తింటోంది" అంటే ఇంకో మూడు వారాలు తల్లి దగ్గరే ఉంచమని అడగండి. కుదరదంటే ఆ బేరం వదులుకోవడం మేలు.

ఇప్పటికే చిన్న వయసులో వచ్చేసిన పిల్ల అయితే ఆ చదువు మనం చెప్పాలి. చేతులతో కుస్తీ ఆటలు ఎవరూ ఆడొద్దు, ముఖ్యంగా ఇంట్లో పోరగాళ్లు. పన్ను తగలగానే ఆట ఆపి, లేచి, ముఖం తిప్పేసుకోవాలి. అరక్షణం కూడా తిట్టొద్దు, కొట్టొద్దు. అరనిమిషం తర్వాత తాడో, గుడ్డ బొమ్మో నోటికందించి మళ్లీ ఆడాలి. ఇంట్లో ఒక్కరు నవ్వుతూ చెయ్యి కొరకనిచ్చినా మిగతావాళ్ల కష్టం పోయినట్టే. మూడో నెలలో ముద్దుగా ఉన్న ఆ కొరుకుడు తొమ్మిదో నెలలో ముప్పై కిలోల ఒంటితో వస్తుంది.

ఒక ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. వీధి నుంచి తెచ్చిన కూన పాలపన్ను గీరినా, రక్తం వచ్చినా "చిన్నపిల్లే కదా" అని వదిలేయొద్దు. ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానలో, వరంగల్ వాళ్లయితే ఎంజీఎంలో, రేబిస్ టీకా వేస్తారు. మొదటి రోజు వేశాక 3, 7, 28 రోజుల్లో మిగతావి తప్పకుండా పూర్తి చేయాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలి. పసుపు, కారం, సున్నం గాయం మీద వేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

కొట్టి దారికి తేవడం

"కుక్కకు నువ్వే బాస్ అని తెలియాలె" అనే మాట చాలా దూరం నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో పెట్టిన తోడేళ్ల గొడవల్ని చూసి పెత్తనం గురించి రాశాడు. ఎక్కడెక్కడి తోడేళ్లనో ఒకే చోట బంధిస్తే అవి కొట్టుకున్నాయి. 1970లో డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త తోడేళ్ల మీద రాసిన పుస్తకం ఆ ఆలోచనను లోకమంతా తిప్పింది. అడవిలో ఏళ్లపాటు తోడేళ్లను చూశాక, 1999లో ఆ మెక్కే అది తప్పని రాశాడు. అడవిలో గుంపు అంటే అమ్మానాన్నలు, వాళ్ల పిల్లలు. కొట్లాడి గెలిచిన రాజెవడూ అక్కడ లేడు. శాస్త్రం దిద్దుకున్నా ఆ మాట మాత్రం యూట్యూబ్ వీడియోల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కుక్కల యజమానులను అడిగి చూస్తే కొట్టడం, తన్నడం, బలవంతంగా వెల్లకిలా పడేసి అదిమిపట్టడం లాంటి పద్ధతులకు చాలా కుక్కలు తిరగబడ్డాయని తేలింది. అందులో వింతేమీ లేదు. భయంతో ఉన్న జంతువుకు మనం ఇంకో భయం చూపిస్తున్నాం.

అన్నిటికంటే ప్రమాదం, గుర్రుమన్నందుకు కొట్టడం. కుక్క ఒక్కసారిగా కరవదు. ముందు తల పక్కకు తిప్పుకుంటుంది, నాలుకతో పెదవులు తడుపుకుంటుంది, నిద్ర రాకున్నా ఆవలిస్తుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, కంటి తెల్లగుడ్డు ఓరగా కనిపిస్తుంది. అప్పుడు గుర్రుమంటుంది. ఆ తర్వాతే పళ్లు. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ పడితే అది గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. రైల్వే గేటు దగ్గర గంట తీసేసినంత మాత్రాన రైలు రావడం ఆగదు. "ఏ సప్పుడు లేకుంట కరిచింది" అని జనం చెప్పే కుక్కల్లో చాలావాటికి చప్పుడు చేయొద్దని మనమే నేర్పి ఉంటాం. గుర్రుమంటే ఎదుటి మనిషిని దూరం జరపండి, ఎందుకు భయపడిందో తర్వాత చూడండి.

తిండి గిన్నె సంగతి కూడా ఇంతే. తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టి, లాక్కుని, మళ్లీ ఇస్తే అలవాటవుతుందంటారు. మనిషి చెయ్యి వస్తే అన్నం పోతుందని అది నేర్చుకుంటుంది. దీన్ని తిరగేయాలి. పిల్ల తింటుంటే పక్కగా నడుస్తూ గిన్నెలో ఒక లివర్ ముక్క వేసి ఆగకుండా వెళ్లిపోండి. వారంలో మీ అడుగుల చప్పుడుకే తోక ఊపుతుంది. చెప్పు నోట కరుచుకుంటే వెంటపడి గుంజకండి, అంతకంటే రుచైనది చూపించి మార్చుకోండి.

గొలుసు, కాపలా, జాతి

అందరినీ దగ్గరికి రానిస్తే ఇక కాపలా ఏం కాస్తుంది అన్న భయం మన దగ్గర బలంగా ఉంది. దొంగల భయం నిజమైనది, బావుల దగ్గర, ఊరి చివర ఇళ్లలో ఇంకా నిజం. కానీ ఇంటికి కొత్తవాళ్లొస్తే మొరగడం కుక్కకు వయసుతో వస్తుంది, నేర్పాల్సిన పని లేదు. చిన్నప్పుడు వందమందిని చూసిన కుక్కకు వచ్చిన మనిషి తీరులో తేడా తెలుస్తుంది. ఎవరినీ చూడని కుక్కకు పాలాయనా ఒకటే, దొంగా ఒకటే, బడి నుంచి వచ్చిన పక్కింటి పిల్లా ఒకటే. గొలుసు దీన్ని ఇంకా ముదరబెడుతుంది. భయపడ్డ జంతువు ముందు పారిపోవాలనుకుంటుంది. గొలుసు ఆ దారి మూసేస్తుంది కాబట్టి మిగిలింది మీదపడటమే. రోజంతా గేటు గ్రిల్లుకు కట్టి, దారిన పోయేవాళ్లందరినీ చూపిస్తూ, ఎవరి దగ్గరికీ పోనివ్వకపోతే ఆ ఉక్రోషం కూడా తోడవుతుంది. కట్టక తప్పని ఇళ్లలో ఆ చోటు గేటు దగ్గర కాకుండా పెరట్లో, నీడలో ఉండాలి, రోజుకు రెండు పూటలా నడక ఉండాలి.

జాతి వల్లే కరుస్తుందన్న వాదనలో కొంత నిజముంది. పిరికితనం తల్లి నుంచి పిల్లలకు రావచ్చు, అందుకే కొనేముందు తల్లికుక్కను చూడాలి. మీరు దగ్గరికెళ్తే అది ముడుచుకుపోయినా, మీదికొచ్చినా ఆ ఈతలో పిల్లను తీసుకోకండి. అయితే 2022లో అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన మీద వచ్చిన పెద్ద పరిశోధనలో, కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతి వాటా 9 శాతం దగ్గరే తేలింది. మన దేశంలో 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలతో సంప్రదించలేదని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతితో తప్పకుండా మారేది గాయం తీవ్రత. భయపడ్డ పమేరియన్ కరిస్తే నాలుగు కుట్లు, భయపడ్డ రాట్‌వీలర్ కరిస్తే ప్రాణం మీదికొస్తుంది. పెద్ద జాతి కావాలనుకునేవాళ్లకు ఆ మొదటి వారాల పని తప్పనిసరి. అంత తీరిక లేనివాళ్లు దాన్ని తేకపోవడమే మంచిది.

ఏ జాతైనా, ఎంత మంచిదైనా, చిన్నపిల్లలతో ఒంటరిగా వదలొద్దు. పిల్లలు కౌగిలించుకుంటారు, తోక లాగుతారు, వాళ్ల ముఖం కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. రేబిస్ ఉందని అనుమానించే జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్లలోపువాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

వయసు దాటిపోయిన కుక్క

ఇంట్లో ఇప్పటికే రెండేళ్ల కుక్క ఉండి గుర్రుమంటుంటే ముందు డాక్టర్‌కు చూపించండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఉన్నట్టుండి మారిన కుక్కలో చాలాసార్లు నొప్పి ఉంటుంది. చెవిలో చీము, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, తుంటి నొప్పి. అందుకే చిన్నప్పటి నుంచే చెవులు, పంజాలు, నోరు తాకడం, పిడుదులు ఏరడం ముద్దుగా అలవాటు చేస్తే తర్వాత వైద్యం సులువవుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే తిరుగుళ్లు, మగకుక్కల కొట్లాటలు తగ్గొచ్చు, భయం మాత్రం దానితో పోదు.

నొప్పి లేదని తేలితే పద్ధతి కూనకు చేసినదే. భయపడే మనిషిని తిండి తినగలిగేంత దూరంలో ఉంచి మొదలుపెట్టాలి. కూనకు రోజుల్లో అయ్యే పని దీనికి నెలలు పడుతుంది, కొన్నింట్లో పూర్తిగా పోదు కూడా. అప్పటిదాకా ఎవరైనా వస్తే గేటు తీయకముందే వేరే గదిలో పెట్టాలి, బయటికి తీసుకెళ్తే కరవకుండా మూతికి తొడిగే మజిల్ వేయాలి. బుట్టలా ఉండి, లోపల నోరు తెరవగలిగేదే కొనండి. మూతిని బిగించి కట్టే గుడ్డ పట్టీ వద్దు. మన ఎండల్లో కుక్క నాలుక బయటపెట్టి వగర్చకపోతే దాని ఒళ్లు చల్లబడదు, వడదెబ్బకు పడిపోతుంది.